రాధానగర్ తీరంలో కుటుంబంతో ఒక ఉదయం: ఎలా వెళ్లాలి, ఎలా గడపాలి

అండమాన్ వెళ్లివచ్చిన కుటుంబాలలో చాలామంది రాధానగర్ బీచ్ చూశామనే చెబుతారు. ఎలా చూశారని అడిగితే మాత్రం, మధ్యాహ్నం భోజనమయ్యాక వ్యానులో బయలుదేరి, నాలుగింటికి అక్కడ దిగి, జనం మధ్య సూర్యాస్తమయం ఫొటోలు తీసుకుని, చీకటి పడుతుండగా మళ్లీ వ్యాను ఎక్కామని చెబుతారు. ప్యాకేజీ టూర్లలో చాలావాటిలో ఆ తీరానికి దక్కేది ఆ గంటన్నరే. చిన్నపిల్లలూ పెద్దవాళ్లూ వెంట ఉన్నవారు అక్కడికి వెళ్లకూడని వేళ ఏదైనా ఉంటే, నా అభిప్రాయంలో అది అదే. రాధానగర్ పడమటి ముఖంగా ఉన్న తీరం. దాని వెనుక, అంటే తూర్పున, ఇసుక అంచు దాకా వచ్చి నిలబడిన ఎత్తైన అడవి ఉంది. అందువల్ల పొద్దున సూర్యుడు ఆ అడవి వెనకనుంచి పైకి వస్తాడు, చెట్ల నీడ ఇసుక మీద చాలాసేపు పరుచుకుని ఉంటుంది, జనం పలచగా ఉంటారు. మధ్యాహ్నం దాటాక ఎండ సముద్రం వైపునుంచి నేరుగా ముఖానికి కొడుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే ఎక్కడ బస చేయాలి, ఎన్ని గంటలకు లేవాలి, ఏమేమి వెంట తీసుకుపోవాలి అనే మిగతా నిర్ణయాలు వాటంతటవే తేలిపోతాయి.

ముందు పేర్ల సంగతి. ఈ తీరం ఉన్న దీవిని 2018 డిసెంబరు దాకా హ్యావ్‌లాక్ అనేవారు, ఇప్పుడు అధికారికంగా స్వరాజ్ ద్వీప్. పోర్ట్ బ్లెయిర్ పేరును కూడా 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మార్చారు. టికెట్లు కొనేటప్పుడు ఒకచోట పాత పేరు, మరోచోట కొత్త పేరు కనిపిస్తే కంగారు పడవలసిన పని లేదు. దీవిలో బీచ్‌లకు అంకెలు కూడా ఉన్నాయి. రాధానగర్ ఏడో నంబరు. ఆటో అతనికి ‘నంబర్ సెవెన్’ అంటే చాలు. 2004లో టైమ్ పత్రిక దీన్ని ఆసియాలో ఉత్తమ బీచ్‌గా పేర్కొన్నప్పటి నుంచి పేరు బాగా పాకింది. 2020లో మన దేశంలో ఎనిమిది తీరాలకు మొదటిసారి, శుభ్రతకూ వసతులకూ ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినప్పుడు ఆ జాబితాలో విశాఖలోని రుషికొండతో పాటు ఇదీ ఉంది.

1. నెల నిర్ణయించుకోవడం

డిసెంబరు నడిమి నుంచి ఏప్రిల్ దాకా ఉన్న రోజులు కుటుంబాలకు అనువైనవి. నైరుతి రుతుపవనాలు మన నేల మీదికి రాకముందే, మే నెల మూడోవారానికి అటూఇటూగా, అండమాన్‌ను తాకుతాయి. పడమటి ముఖంగా ఉన్న తీరం కాబట్టి ఆ గాలికి రాధానగర్ నేరుగా ఎదురుపడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు కెరటాలు ఎత్తుగా, నీరు మట్టిరంగుగా ఉండడమే కాక పడవలు కూడా తరచు రద్దవుతుంటాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండాల భయం ఎటూ ఉండనే ఉంటుంది. మన పిల్లలకు సంక్రాంతి సెలవులు వచ్చే సమయం వాతావరణానికి బాగానే సరిపోతుంది, కానీ క్రిస్మస్ నుంచి జనవరి మొదటివారం దాకా రద్దీ, అద్దెలు రెండూ తారస్థాయిలో ఉంటాయి. వీలుంటే ఫిబ్రవరిని ఎంచుకోండి. ఏప్రిల్‌లో నీరు అద్దంలా ఉంటుంది గాని ఉక్క ఎక్కువ.

చలికాలపు నెలల్లో ఒక విషయం తెలుసుకుని వెళ్లాలి. అప్పుడు వీచేది ఈశాన్య గాలి, అంటే అడవి వైపునుంచి సముద్రం మీదికి వీచే గాలి. దాని వల్లనే నీరు పైకి ఎంతో ప్రశాంతంగా కనిపిస్తుంది, అయితే అదే గాలి గాలినింపిన రబ్బరు ట్యూబునూ ప్లాస్టిక్ బంతినీ ఒడ్డుకు రానివ్వకుండా లోపలికి నెట్టుకుపోతుంది. పిల్లల చేతికి అలాంటి బొమ్మలు ఇవ్వకండి. ఇచ్చినా తాడు కట్టి మీ మణికట్టుకు చుట్టుకోండి. కొట్టుకుపోతున్న బంతి వెంట పెద్దవాళ్లు ఈదుకుంటూ పోవడం చూస్తుంటే ఒడ్డున ఉన్నవాళ్లకే గుండె ఝల్లుమంటుంది.

2. దీవికి చేరడం

హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు నేరుగా విమానం ఉంది. కోస్తా జిల్లాల వారిలో చాలామంది చెన్నై మీదుగా గాని, కోల్‌కతా మీదుగా గాని వెళ్తారు. విశాఖ నుంచి ఓడ కూడా నడుస్తుంది గాని అది అరుదు, పైగా ప్రయాణం రెండు రోజులు దాటుతుంది కనుక పిల్లలతో నేను సూచించను. దిగిన రోజునే స్వరాజ్ ద్వీప్‌కు పడవ పట్టుకోవాలని ఆత్రపడకండి. విమానం ఒక గంట ఆలస్యమైతే పడవ పోతుంది, తర్వాత దొరికే టికెట్టు మీ చేతిలో ఉండదు. ఆ సాయంత్రం పోర్ట్ బ్లెయిర్‌లోనే గడిపితే సెల్యులర్ జైలు చూడవచ్చు, మర్నాడు పొద్దున తాపీగా బయలుదేరవచ్చు. ఆ ఊళ్లో తెలుగు వినిపించడం మొదలవగానే పెద్దవాళ్లకు కొంత ధైర్యం వస్తుంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తరాల కిందట వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు జంగ్లీఘాట్ ప్రాంతంలో చాలా ఉన్నాయి. చేపల బజారులో మా అత్తగారు వచ్చీరాని హిందీలో ధర అడుగుతుంటే, అమ్ముతున్నావిడ తల ఎత్తి, ‘ఏటమ్మా, మీది ఏ ఊరు?’ అని అడిగింది. ఆ తర్వాత పది నిమిషాలు మాలో ఇంకెవరికీ మాట్లాడే వంతు రాలేదు.

పోర్ట్ బ్లెయిర్ నుంచి స్వరాజ్ ద్వీప్‌కు పడవలు రెండు రకాలు. ప్రభుత్వ ఫెర్రీలు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి బయలుదేరి దాదాపు రెండున్నర గంటల్లో చేరుస్తాయి. టికెట్టు చవక, డెక్ మీద నిలబడి గాలి పీల్చుకోవచ్చు. మాక్రజ్, నాటికా వంటి ప్రైవేటు ఫెర్రీలు హడ్డో జెట్టీ నుంచి వెళ్తాయి, గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది, ఏసీ ఉంటుంది, కానీ ఎక్కువ భాగం మూసి ఉన్న క్యాబిన్లు. ఒక జెట్టీకి బదులు ఇంకో జెట్టీకి వెళ్లి పడవ తప్పిపోయినవారి కథలు ప్రతి హోటలులోనూ వినిపిస్తాయి, కాబట్టి టికెట్టు మీద జెట్టీ పేరు ముందురోజు రాత్రే చూసుకోండి. ప్రతి ఒక్కరికీ, పిల్లలకు కూడా, అసలు గుర్తింపు కార్డు ఉండాలి. ఫోనులోని ఫొటోను నమ్ముకోవద్దు. మన దేశ పౌరులకు ఈ దీవికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పుట్టి అక్కడి పాస్‌పోర్టు ఉన్న మనవలు వెంట ఉంటే మాత్రం విదేశీయుల నమోదు నిబంధనలు వర్తిస్తాయి కనుక వారి పత్రాలన్నీ దగ్గర పెట్టుకోండి.

కడుపులో తిప్పే అలవాటు ఉన్నవారు వైద్యుణ్ణి అడిగి తెచ్చుకున్న మాత్రను పడవ ఎక్కడానికి అరగంట ముందు వేసుకోవాలి, కదలిక మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా ప్రయోజనం ఉండదు. ఖాళీ కడుపుతో ఎక్కడం, పెసరట్టు ఉప్మా దట్టంగా తిని ఎక్కడం, రెండూ తప్పే. రెండు ఇడ్లీలు చాలు.

3. బస ఎక్కడ

దీవిలో హోటళ్లలో ఎక్కువ భాగం తూర్పువైపున, గోవింద్‌నగర్, విజయ్‌నగర్ ఊళ్ల వెంబడి ఉన్నాయి. ఆ పేర్లు, రాధానగర్ పేరు కూడా, 1950ల ప్రాంతంలో తూర్పు పాకిస్తాన్ నుంచి కాందిశీకులుగా వచ్చి ఇక్కడ అడవి కొట్టుకుని సేద్యం మొదలుపెట్టిన బెంగాలీ కుటుంబాలు తెచ్చినవి. తూర్పు తీరం చూడడానికి అందంగానే ఉంటుంది గాని, ఆటు సమయంలో నీరు చాలా దూరం వెనక్కి పోయి రాళ్లూ చచ్చిన పగడాలూ బయటపడతాయి. పిల్లలు ఆడుకోవడానికి అది అనువు కాదు. అక్కడ బస చేసి రాధానగర్‌కు రావడంలో ఇబ్బంది ఏమీ లేదు. జెట్టీ నుంచి రాధానగర్ దాదాపు 12 కిలోమీటర్లు. బజారు దాటి, పోకతోటలూ వరిమళ్లూ దాటి, చివర అడవిలోకి దిగుతుంది దారి. ఎక్కడ బస చేసినా అరగంటకు అటూఇటూ ప్రయాణం. రాధానగర్ పక్కనే ఉన్న కొన్ని రిసార్టులు ఖరీదైనవి.

ఆటోను ముందురోజు సాయంత్రమే మాట్లాడుకోండి. తెల్లవారుజామున రోడ్డు మీద నిలబడితే ఆటో దొరుకుతుందన్న నమ్మకం లేదు. తిరుగు ప్రయాణానికి కూడా అతనికే వేళ చెప్పి, ఫోను నంబరు రాసుకుని, డబ్బు మాత్రం రెండు వైపులదీ చివరనే ఇవ్వండి. జెట్టీ నుంచి ప్రభుత్వ బస్సు కూడా ఉంది, వేళలు అక్కడే అడిగి తెలుసుకోవాలి. స్కూటరు అద్దెకు తీసుకునే జంటలు చాలామంది కనిపిస్తారు గాని, ముందు ఒక బిడ్డనూ వెనుక ఒక బిడ్డనూ కూర్చోబెట్టుకుని మలుపుల రోడ్డు మీద నడపవలసిన సందర్భం కాదిది.

4. ముందురోజు రాత్రి సర్దుకోవలసినవి

పెద్ద తువ్వాళ్లు, మనిషికి ఒక జత పొడిబట్టలు, ఒక చాప, ఇంట్లోంచి తెచ్చుకున్న నీళ్ల సీసాలు, కొన్ని నోట్లు చిల్లరతో సహా, చిన్న మందుల సంచి, కొబ్బరినూనె సీసా. ఫోన్లకు సిగ్నలు ఉన్నా అది నిలకడగా ఉంటుందని అనుకోవద్దు, ఏటీఎంలు బజారులో కొద్దిగానే ఉన్నాయి, కనుక చేతిలో నగదు ఉండడమే మంచిది.

కొబ్బరినూనె ఎందుకంటే, ఇసుకలో కంటికి కనిపించీ కనిపించని చిన్న ఈగలు ఉంటాయి. అవి కుట్టినప్పుడు తెలియదు, మర్నాడు కాళ్ల మీద ఎర్రటి దద్దుర్లు లేచి వారం రోజులు దురద పెడతాయి. మోకాళ్ల కిందా ముంజేతులకూ నూనె దట్టంగా పట్టిస్తే అవి అంత సులువుగా కుట్టలేవు. తడి ఇసుక మీద నేరుగా పడుకోకపోవడం, దద్దుర్లను గోళ్లతో గోకకపోవడం, మిగతా రెండు జాగ్రత్తలు. సన్‌స్క్రీన్ రాసుకునేవారు ముందు దాన్ని రాసి, ఆరాక నూనె పట్టించాలి.

బట్టల గురించి ఒక మాట మన ఆడవాళ్లకు. చీరతోనో, వెడల్పాటి దుపట్టా ఉన్న చుడీదారుతోనో కెరటాల్లోకి దిగడం మనకు కార్తీక స్నానాల నాటి నుంచి అలవాటే. అయితే నడుము లోతు నీటిలో తడిసిన లంగా కాళ్లకు చుట్టుకుంటే నిలదొక్కుకోవడం కష్టం, ఒక్క కెరటం చాలు పడేయడానికి. లెగ్గింగ్స్, మీద పొడవాటి టీషర్టు ఉంటే మర్యాదకూ లోటు ఉండదు, కాళ్లకూ అడ్డు ఉండదు. బట్టలు మార్చుకోవడానికి గదులు, మరుగుదొడ్లు బీచ్ ప్రవేశం దగ్గరే ఉన్నాయి.

5. పొద్దున ఎన్ని గంటలకు

మన గడియారమే అయినా అండమాన్ మనకు చాలా తూర్పున ఉంది. జనవరిలో ఆరింటికల్లా బాగా వెలుగు వస్తుంది, ఏప్రిల్‌లో ఐదు దాటగానే తెల్లవారిపోతుంది. సాయంత్రం కూడా అంతే తొందర. డిసెంబరులో ఐదింటికే సూర్యుడు మునిగిపోతాడు. మన ఊళ్లో ఏడింటికి లేచే పిల్లలు ఇక్కడ ఐదున్నరకు లేవడం అనుకున్నంత కష్టం కాదు, ముందురాత్రి ఎనిమిదింటికల్లా పడుకోబెడితే చాలు. ఆరున్నరకు బీచ్‌లో ఉండేలా బయలుదేరి, పదిన్నరకు వెనుదిరిగేలా చూసుకోండి.

6. చెట్ల కింద మొదటి అరగంట

చేరగానే నీళ్లలోకి పరుగెత్తవద్దు, పిల్లలను పరుగెత్తనివ్వవద్దు. మొదట చాప ఎక్కడ పరచాలో చూడాలి. అందుకు రెండు గుర్తులు. మొదటిది పోటు గీత: కిందటి పోటు ఎక్కడిదాకా వచ్చిందో ఎండిన ఆకులూ పుల్లలూ గీతలా పడి చెబుతాయి, మీ చాప ఆ గీతకు ఎగువన ఉండాలి. ఈ గీత సంగతి తెలియక మా మామగారు తన తోలు చెప్పులను తడి ఇసుక అంచున విడిచి, వాటి మీద కళ్లజోడు పెట్టె పెట్టి, ఒక గంట నడిచి వచ్చేసరికి చెప్పులు లేవు. పెట్టె మాత్రం పది గజాల అవతల దొరికింది. ఆయన తిరిగి హోటలుకు నా రబ్బరు చెప్పులతో వచ్చారు. రెండో గుర్తు తల మీద: ఎండిపోయిన కొమ్మ కింద గాని, కొబ్బరిచెట్టు కింద గాని కూర్చోకండి.

ఇక ఆ చెట్లు. ఇసుకను ఆనుకుని వరసగా నిలబడిన పెద్దచెట్లను అక్కడివారు సీ మహువా అంటారు, అండమాన్ బుల్లెట్‌వుడ్ అని మరో పేరు. పేరులో మహువా ఉంది గాని ఇది మన ఇప్పచెట్టు కాదు. ఇప్ప, సపోటా, ఇది, మూడూ ఒకే కుటుంబానివి, అందులోనూ ఇది సపోటాకు మరింత దగ్గరి చుట్టం. మన తీరంలో సూర్యలంకలోనో అంతర్వేదిలోనో బీచ్ వెనుక కనిపించే సరుగుడు తోపులు మనుషులు నాటినవి, ఒకే ఎత్తున, ఒకే వరసలో ఉంటాయి, కింద మరో మొక్క ఉండదు. ఇక్కడ ఒక చెట్టు మొదలు దగ్గర నిలబడి చూస్తే తేడా అర్థమవుతుంది: గోడల్లా లేచిన వేళ్లు, వాటి సందుల్లో ఫెర్నులు, బోదెను చుట్టుకుని పైకి పోయిన తీగలు, ఆ తీగల మీద చిన్న మొక్కలు, పైన కొమ్మల్లో చిలకల అరుపులు. అడవికీ సముద్రానికీ మధ్య రోడ్డు గాని, గోడ గాని, దుకాణం గాని లేకపోవడమే ఈ తీరం ప్రశాంతతకు అసలు కారణం. తినుబండారాల కొట్లన్నీ బయట బస్సు ఆగేచోటే ఆగిపోతాయి. ఒకప్పుడు ఈ దీవుల్లో కలప లాగడానికి ఏనుగులను ఓడల మీద తెచ్చారు. 2002లో సుప్రీంకోర్టు ఆదేశాలతో చెట్ల నరికివేత చాలావరకు ఆగింది. ఆ ఏనుగుల్లో రాజన్ అనేది సముద్రంలో ఈదుతూ ఫొటోల ద్వారా లోకమంతా తెలిసింది, 2016లో ఈ దీవిలోనే చనిపోయింది. పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ ఉండదు.

బాట వదిలి అడవి లోపలికి పోకండి. మొదటి వరస చెట్ల నీడే కావలసినంత ఉంటుంది.

కూర్చున్నచోటి నుంచే పిల్లలకు ఇసుకను చూపించండి. ఆటు మొదలైనప్పుడు తడి ఇసుక మీద ఆవగింజంత, పెసరగింజంత ఇసుక ఉండలు వందలకొద్దీ ఒక చిన్న బొరియ చుట్టూ చక్రంలా పేర్చి కనిపిస్తాయి. గోరంత పీత ఒకటి ఇసుకను నోట్లో పెట్టుకుని, అందులోని ఆహారాన్ని తీసుకుని, మిగిలిన ఇసుకను ఉండ చేసి పక్కన పెడుతూ పోతుంది. మీరు అడుగు కదిపితే బొరియలోకి దూరిపోతుంది, నిమిషం సేపు కదలకుండా కూర్చుంటే మళ్లీ బయటికి వచ్చి, ఆగిన చోటునుంచే పని మొదలుపెడుతుంది. ఏడేళ్ల పిల్ల ఒకచోట అరగంట కదలకుండా కూర్చోవడం మా ఇంట్లో అదే మొదటిసారి.

7. నీళ్లలో

రాధానగర్‌లో అడుగు మెత్తటి ఇసుక, దిగుడు నెమ్మదిగా ఉంటుంది, ఈత ప్రదేశంలో కాళ్లకు తగిలే రాళ్లు, పగడాలు లేవు. జెట్ స్కీల మోత కూడా ఉండదు. పగడాలు చూడాలని, నీటి ఆటలు ఆడాలని ఉన్నవారు అందుకు ఇదే దీవిలోని ఎలిఫెంట్ బీచ్‌కు వెళ్తారు. ఆ రెండు పనులనూ ఒకే పూటలో కలపవద్దు. ఇంత సౌమ్యంగా కనిపించినా ఇది తెరుచుకుని ఉన్న సముద్రమేనని మరవకూడదు. ఈ క్రమం పాటించండి.

లైఫ్‌గార్డులు వచ్చారో లేదో ముందు చూడండి. వారు రాకముందు పిల్లలు చీలమండ లోతు దాటకూడదు. వచ్చాక, ఈ రోజు నీరు ఎలా ఉంది, ఎక్కడ దిగవచ్చు అని వారినే అడగండి. ఈతకు గుర్తించిన భాగం లోపలే ఉండండి. ఎర్రజెండా ఉంటే దిగవద్దని అర్థం. బ్లూ ఫ్లాగ్ అనే నీలిజెండా తీరపు శుభ్రతకూ వసతులకూ ఇచ్చిన గుర్తింపు మాత్రమే, ఆ రోజు నీరు సురక్షితమని చెప్పే జెండా కాదు. ఈ రెంటినీ కలగలిపి మాట్లాడడం నేను చాలాసార్లు విన్నాను.

తర్వాత, ఒడ్డున నిలబడి ఐదు నిమిషాలు కెరటాలను గమనించండి. కెరటాలు విరుగుతున్న తెల్లటి నురగ వరసలో ఒకచోట మాత్రం నురగ లేకుండా, నునుపుగా, కాస్త ముదురు రంగులో సందు కనిపిస్తే, తెలియనివారికి దిగడానికి అదే అనువైన చోటుగా తోస్తుంది. నిజానికి ఒడ్డుకు చేరిన నీరు వెనక్కి పోయే పాయ అది. దాన్ని రిప్ కరెంట్ అంటారు. అందులో చిక్కినవారు ఒడ్డు వైపుకే ఎదురీదబోయి అలసిపోతారు, ప్రమాదమంతా ఆ అలసటలోనే ఉంది. చిక్కితే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి, పాయ వెడల్పు దాటాక కెరటాలే ఒడ్డుకు తోస్తాయి. ఈత రానివారు తేలుతూ ఒక చెయ్యి పైకెత్తి ఊపాలి. పదేళ్లు దాటిన పిల్లలకు ఇది ఒడ్డునే ఇసుక మీద గీసి చూపించవచ్చు.

పెద్దవాళ్లలో ఒకరు నీటిలో పిల్లల కన్నా లోతువైపున, సముద్రానికి వీపుపెట్టకుండా నిలబడాలి. మరొకరు ఒడ్డున పొడిగా ఉండి తలలు లెక్కపెడుతూ ఉండాలి. ఈ రెండో మనిషికి ఫోను చూసుకునే వెసులుబాటు లేదు. అరగంటకొకసారి ఇద్దరూ చోట్లు మార్చుకోండి.

మొసళ్ల విషయం దాచడం నాకు ఇష్టం లేదు. అండమాన్ మడ అడవుల కాలువల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి, అవి అప్పుడప్పుడు సముద్రం వెంట ఒక కాలువ నుంచి మరో కాలువకు పోతుంటాయి. ఈ తీరానికి ఒక కొసన ఉన్న నీల్స్ కోవ్ అనే మడుగు దగ్గర 2010లో ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో మరణించింది. ఆ మడుగులో నీరు పచ్చగా, కదలిక లేకుండా, స్విమ్మింగ్ పూల్‌లా కనిపిస్తుంది, అందుకే మరీ జాగ్రత్త. అక్కడికి నడిచి వెళ్లి దూరంనుంచి చూడవచ్చు, నీటిలో కాలు పెట్టకూడదు. హెచ్చరిక బోర్డులను ఫొటోల కోసం కాక చదవడం కోసం చూడండి. కాలువలు కలిసేచోట, తెల్లవారకముందు, పొద్దుగుంకాక నీటికి దూరంగా ఉండండి. జనం, లైఫ్‌గార్డులు ఉన్న ఈత ప్రదేశంలో పగటిపూట స్నానం చేయడానికి భయపడనక్కర్లేదు.

8. తినడం, సర్దుకోవడం

తొమ్మిదిన్నరకు ఎండ చెట్ల మీదుగా ఇసుకంతా పరుచుకుంటుంది. అప్పటికి పిల్లలకు ఆకలి కూడా వేస్తుంది. తినుబండారాలను ఇసుక మీద విప్పితే కుక్కలు చేరతాయి, అందువల్ల బయట కొట్ల దగ్గరికి వచ్చి తినడమే హాయి. కొబ్బరిబొండాలు, పూరీ కూర, అన్నం పప్పు, చేప వేపుడు దొరుకుతాయి. రుచి గురించి పెద్ద ఆశలు పెట్టుకోకండి గాని, చేప మాత్రం బాగుంటుంది. శాకాహారులు ముందే అడిగి చేయించుకోవాలి, వెంట తెచ్చుకున్న పులిహోర ఉంటే ఇంకా మంచిది. చెత్తను సంచిలో వేసుకుని హోటలుకే తీసుకుపోండి. బీచ్‌లో మద్యం నిషిద్ధం.

సూర్యాస్తమయం చూడకపోతే మనసు ఊరుకోదనుకుంటే, మధ్యాహ్నం హోటలులో నిద్రపోయి, ఒంటిమీద తడి లేకుండా, కేవలం కూర్చోవడానికి నాలుగింటికి మళ్లీ రండి. ప్రవేశం ఎదురుగా కాకుండా రెండు మూడు వందల అడుగులు పక్కకు నడిస్తే జనం సగానికి సగం తగ్గుతారు. సూర్యుడు మునగగానే లేవాలి. చెట్ల కింద చీకటి సముద్రం మీదకన్నా ముందే పడుతుంది.

9. తిరుగు ప్రయాణం

విమానం ఉన్న రోజు పొద్దున దీవి నుంచి పడవలో వచ్చి ఎక్కుదామనే లెక్క వేసుకోకండి. గాలి కాస్త ఎక్కువైతే పడవ ఆగిపోతుంది. విమానానికి ముందురోజే పోర్ట్ బ్లెయిర్ చేరండి.

హోటలు ఖాళీ చేసేముందు పిల్లల జేబులు, ఇసుక బొమ్మల సంచీ, తువ్వాళ్ల మడతలు వెతకండి. పగడపు ముక్క గాని, చట్టం రక్షణ ఇచ్చిన గవ్వలు, శంఖాలు గాని తీరం నుంచి తీసుకుపోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చచ్చిన పగడమైనా తేడా లేదు. ఏది రక్షిత జాబితాలో ఉందో మనం గుర్తుపట్టలేం కాబట్టి ఏదీ తీసుకోకపోవడమే తేలిక. విమానాశ్రయంలో సామాను పరీక్షలో అవి బయటపడితే సమాధానం చెప్పుకోవలసింది పెద్దవాళ్లే. మా అమ్మాయి గౌను జేబులో వేలెడంత గవ్వ ఒకటి దొరికింది. బల్ల మీద పెట్టి, దాన్ని ఏం చేయాలా అని మేము మాట్లాడుకుంటుండగానే ఆ గవ్వ కాళ్లు బయటపెట్టి, బల్ల అంచు దాకా నడిచింది. లోపల పీత ఉంది. ఆటో అతణ్ణి మళ్లీ పిలిచి, జెట్టీకి పోయే దారిలోనే ఒక తీరం దగ్గర ఆపించి, తడి ఇసుక మీద వదిలిపెట్టి వచ్చాం. పడవకు ఇంకా నలభై నిమిషాలు మిగిలాయి.